శ్రమల కాలం 40 రోజులా, 46 రోజులా?

శ్రమల కాలం అంటే ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసాలుండే రోజులు. అది మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు లెక్కపెడితే 46 వస్తున్నాయి, మరి నలభై అంటారెందుకని అడిగారు. తేడా ఆదివారాలది. ప్రతి ఆదివారమూ యేసు పునరుత్థానాన్ని తలచుకునే రోజు కాబట్టి ఉపవాసాల లెక్కలోకి రాదు. 2025లో మార్చి 5 నుంచి ఏప్రిల్ 19 వరకు చూడండి: ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా 40.

భస్మ బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద ఎక్కడిదో చాలామందికి తెలియదు. కిందటి ఏడాది మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాటి ఎండిన మట్టలను కాల్చి చేస్తారు.

కతోలిక ఆచారంలో ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో మూగబోయిన గంటలు శనివారం రాత్రి జాగరణలోనే మళ్లీ మోగుతాయి. నాకు ఆ నిశ్శబ్దమే ఇష్టం.