హెడ్ కోచ్ పుకార్లలో పేరు చూడకండి, బయానా పడిందో లేదో చూడండి

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నానని రాశారు. పొద్దున ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒక యూరప్ ఫుట్‌బాల్ క్లబ్ కొత్త హెడ్ కోచ్ కోసం వెతుకుతోందంటూ ఐదారు పేర్లు కనిపిస్తున్నాయన్నారు. ఈ పుకార్లు ఎక్కడ పుడతాయి, వేటిని నమ్మొచ్చు, డబ్బు కట్టి చేరమంటున్న టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరొచ్చా అన్నది మీ ప్రశ్న.

నాది నల్లగొండ. ఇప్పుడు ప్రకాశం బజార్ దగ్గర ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నా గానీ, అంతకుముందు హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలాకాలం స్పోర్ట్స్ పేజీ చూశాను. యూరప్ మ్యాచ్‌లు అయ్యేసరికి మనకు అర్ధరాత్రి. ఆ వేళలో కుర్చీలో కూర్చుని ఏజెన్సీ కాపీలు తిరగరాసేవాళ్లలో నేనొకణ్ని. గాలివార్త పేజీ ఎలా ఎక్కుతుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా.

మన పాలమూరు, నల్లగొండ వైపు భూమి బేరాలు మీరూ చూసే ఉంటారు. "రేపు హైదరాబాద్ పార్టీ వస్తున్నది, ఎకరాకు ఇంకో పది లక్షలు ఎక్కువ ఇస్తరంట" అని మధ్యవర్తి చెబుతాడు. విన్నవాళ్లు తల ఊపి, చివరికి అడిగేది ఒక్కటే: బయానా (అడ్వాన్సు) పడ్డదా? కోచ్ సంగతీ అంతే. పెద్ద కోచ్ సాధారణంగా ఏదో ఒక క్లబ్‌తో కాంట్రాక్టులో ఉంటాడు. అతన్ని తెచ్చుకోవాలంటే ఆ క్లబ్‌కి కాంట్రాక్టులో రాసుకున్న రిలీజ్ మొత్తమో, బేరం ఆడిన పరిహారమో కట్టాలి. పేరు ఎవరైనా ఊరికే చెప్పొచ్చు, డబ్బు మాత్రం ఎవరూ ఊరికే కట్టరు.

2024 అక్టోబర్ 28న ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ తన కోచ్ ఎరిక్ టెన్ హాగ్‌ను తీసేసింది. వెంటనే ఇంటర్నెట్‌లో పేర్ల జాతర మొదలైంది. మర్నాడు పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్ అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు ఒక చిన్న ప్రకటన పంపింది: తమ కోచ్ రూబెన్ అమోరిమ్ కోసం కాంట్రాక్టులో ఉన్న 1 కోటి యూరోలు కట్టడానికి యునైటెడ్ సిద్ధంగా ఉందని. స్పోర్టింగ్ ఫుట్‌బాల్ కంపెనీ లిస్బన్ ఎక్స్చేంజ్‌లో లిస్టయి ఉంది కాబట్టి షేరు ధరను కదిలించే సంగతిని దాచిపెట్టుకునే వీల్లేదు. అభిమానుల పేజీలన్నీ కలిపి చెప్పలేని మాట ఆ రెండు వాక్యాల కాగితం చెప్పేసింది. నవంబర్ 1న అధికారిక ప్రకటన వచ్చింది. మధ్యలో ఆ మూడు రోజులు మిగతా పేర్లు చదివినవాళ్లకు టైమ్ వేస్టు తప్ప ఏం మిగల్లేదు.

అదే ఏడాది మార్చిలో మా షాపుకి ఎన్జీ కాలేజీ గ్రౌండులో ఆడే పిల్లలు కొందరు వచ్చారు. అందరూ ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ పిచ్చోళ్లే. ఆ జట్టు కోచ్ యుర్గెన్ క్లాప్ ఆ సీజన్ చివర్లో వెళ్లిపోతానని జనవరి 26నే ప్రకటించాడు కదా, ఆయన స్థానంలో షాబి అలోన్సో వస్తున్నాడని, స్వాగతం పలుకుతూ పెద్ద ఫ్లెక్సీ కొట్టించమని అడిగారు.

"క్లాప్‌కు వీడ్కోలు ఫ్లెక్సీ కొట్టించుకోండిరా, ఆ మాట ఆయనే చెప్పిండు. అలోన్సో నోటితోని ఏమన్న అన్నడా?" అన్నాను.

"అన్ని సైట్లల్ల వచ్చింది కదన్నా."

"సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తయి తమ్మీ."

వాళ్లు వినలేదు. పైసలు వాళ్లవి, ఫ్లెక్సీ కొట్టిచ్చాను. మార్చి 29న ప్రెస్‌మీట్లో అలోన్సో తను అప్పుడు కోచ్‌గా ఉన్న జర్మన్ క్లబ్ లెవర్‌కూసెన్‌లోనే ఉంటానని తేల్చి చెప్పాడు.

అసలు అలోన్సో పేరు ఎలా పుట్టిందో ఆలోచించండి. ఆయన ఒకప్పుడు లివర్‌పూల్‌కి ఆడాడు, జర్మనీ పెద్ద క్లబ్ బయర్న్ మ్యూనిక్‌కీ ఆడాడు. ఆ సీజన్లో ఆయన జట్టు జర్మన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ వైపు దూసుకెళ్తోంది. ఈ రెండూ చూస్తే ఎవరికైనా తోచే పేరే అది, మీరూ నేనూ టీ తాగుతూ చెప్పగలం. ఊహకు బాగా అతికిన పేరు నాలుగు రోజులు తిరిగేసరికి వార్త వేషం కట్టేస్తుంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది లేకుండా 'ఇతనైతే బాగుంటుంది' అన్నంత వరకే ఉంటే దాన్ని వార్తల లెక్కలోంచి తీసేయండి.

అలోన్సో కాదన్నాక ఏప్రిల్లో కొంతకాలం అమోరిమ్ పేరు నడిచింది. చివరికి వచ్చింది నెదర్లాండ్స్ క్లబ్ ఫెయెనూర్డ్ కోచ్ ఆర్నె స్లాట్. ఏప్రిల్ నెలాఖరులో, ఇంకా ఫెయెనూర్డ్‌లో ఉండగానే, రెండు క్లబ్బులూ మాట్లాడుకుంటున్నాయని, తనకు వెళ్లాలనే ఉందని ఆయనే బహిరంగంగా చెప్పాడు. ఒక కోచ్ ఉన్న క్లబ్‌లో కూర్చుని అలా అన్నాడంటే వ్యవహారం పరిహారం బేరం దాకా వచ్చిందని అర్థం. లివర్‌పూల్ మే 20న ప్రకటించింది. మా పిల్లలు ఈసారి ఫ్లెక్సీకి రాలేదు, తర్వాతి ఏడాది లివర్‌పూల్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు వచ్చారు.

పుకారు తప్పితే రాసినవాడు అబద్ధం ఆడాడని మాత్రం అనుకోకండి. 2024లో బయర్న్ కథ చూడండి. కోచ్ టూకెల్ సీజన్ చివర్లో వెళ్లిపోతాడని ఫిబ్రవరిలోనే చెప్పేశారు. అలోన్సో కుదరలేదు. నాగెల్స్‌మన్ జర్మనీ జాతీయ జట్టుతోనే కాంట్రాక్టు పొడిగించుకున్నాడు. ఆస్ట్రియా కోచ్ రాల్ఫ్ రాంగ్నిక్‌తో మాటలు నిజంగానే నడిచాయి, మే మొదట్లో ఆయన రానన్నాడు. ఆఖరికి మే 29న సంతకం పెట్టింది విన్సెంట్ కొంపనీ, అప్పుడే ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగ్‌కు పడిపోయిన బర్న్‌లీ కోచ్! ఆ వసంతకాలమంతా రాసిన పేర్లలో చాలా వాటి వెనక నిజంగా సంప్రదింపులు ఉన్నాయి. వార్తలు నిజమే, ఫలితం మాత్రం వేరే. 'మాట్లాడారు' అనే వార్తకీ 'కుదిరింది' అనే వార్తకీ మధ్య ఎన్నో తలుపులు ఉంటాయి.

ఇక ఎక్కడ పుడతాయన్నది. ఎక్కువ భాగం ఏజెంట్ల దగ్గర. కోచ్ కాంట్రాక్టు ఏడాదిలో ముగుస్తుందనుకోండి, ఫలానా పెద్ద క్లబ్ కన్నేసిందన్న మాట పేపర్లో పడితే సొంత క్లబ్ జీతం పెంచి కాగితం ముందుకు తోస్తుంది. ఉద్యోగం పోయిన కోచ్ అయితే ఖాళీ అయిన ప్రతి కుర్చీ పక్కనా అతని పేరు కనబడటమే ఏజెంటుకు కావాల్సింది, జనం మరిచిపోకుండా. క్లబ్బులూ తక్కువ తినలేదు. అభిమానులు ఏమంటారో చూద్దామని ఒక పేరు బయటికి వదిలి, గోల ఎక్కువైతే మేం ఎప్పుడూ అనుకోలేదంటాయి. అందుకే ఏ పుకారు చదివినా, ఇది బయటికి వస్తే ఎవరికి లాభం అని ఒకసారి అడగండి. సగం చిక్కుముడులు అక్కడే విడిపోతాయి.

మిగతా పని మా పత్రికల వృత్తి చేస్తుంది. స్పెయిన్లో ఒక పత్రిక కథనం అడుగున 'పరిశీలనలో ఉన్న పేర్లలో ఇతనిదీ ఒకటి' అని రాస్తుంది. లండన్ సైటు ఆ ఒక్క పేరునే తీసి హెడ్డింగ్ పెడుతుంది. అది మన దగ్గరికి వచ్చే వేళకి పేజీ ప్రెస్‌కు వెళ్లడానికి పావుగంట కూడా ఉండదు, డెస్కులో ఎవరో 'ఖాయం' అని కొట్టేస్తారు. మొదట ఎవరు రాశారో వెతికి చూస్తే ఇరవై సైట్ల వార్త ఒక్క వాక్యానికి కుంచించుకుపోయిన సందర్భాలు నాకు కొత్త కాదు.

క్యాలెండర్ కూడా చూడండి. అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం లీగ్‌లు ఆగే వారాలు, ముఖ్యంగా సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, మార్చిలో వచ్చేవి, కోచ్‌లకు గండం. కొత్తవాడు వచ్చి సర్దుకోవడానికి దాదాపు రెండు వారాలు దొరుకుతాయి కాబట్టి క్లబ్బులు అప్పుడు కత్తి తీస్తాయి. 2023 మార్చిలో బయర్న్ నాగెల్స్‌మన్‌ను తీసేసింది అలాంటి విరామంలోనే. ఆయన అప్పుడు ఆస్ట్రియా మంచుకొండల్లో సెలవులో ఉన్నాడు. క్లబ్ పిలిచి చెప్పకముందే వార్త పొక్కిపోయింది, మర్నాడు 24న ప్రకటన వచ్చింది. ఆ వారాల్లో వచ్చే పుకారుకు మామూలు వారం పుకారు కన్నా నేను ఎక్కువ విలువ ఇస్తా.

కొన్నిసార్లు అసలు పొగే రాదు. 2018 మే 31న కోచ్ జిదాన్ రియల్ మాడ్రిడ్‌కు రాజీనామా చేశాక రకరకాల పేర్లు వినిపించాయి. అప్పుడు స్పెయిన్ జాతీయ జట్టు కోచ్ హులెన్ లోపెటెగి, ఆ నెలలోనే కాంట్రాక్టు 2020 దాకా పొడిగించుకున్నవాడు. జూన్ 12న రియల్ ఆయన పేరే ప్రకటించింది. 13న స్పెయిన్ సమాఖ్య ఆయన్ని ఇంటికి పంపింది, 14న ప్రపంచకప్ మొదలు! అక్టోబర్‌లో బార్సిలోనా చేతిలో 5-1తో ఓడాక రియల్ కూడా పంపేసింది. కాంట్రాక్టు పొడిగించారు కాబట్టి ఇక కదలడు అనే వాదన ఎవరైనా చేస్తే నాకు ఈయనే గుర్తొస్తాడు.

మాజీ స్టార్ ఆటగాడి పేరు వచ్చినప్పుడు అతనికి లైసెన్స్ ఉందా అని చూడటం కూడా పనికొస్తుంది. యూరప్ పెద్ద లీగ్‌లలో హెడ్ కోచ్‌కు యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) ప్రో లైసెన్స్ అడుగుతారు. లేకుండా నడవదా అంటే నడుస్తుంది. 2022-23లో ఫ్రాన్స్ క్లబ్ రీమ్స్ తన కుర్ర కోచ్ విల్ స్టిల్ కోసం మ్యాచ్‌కు 25,000 యూరోల జరిమానా కట్టుకుంటూ పోయింది. కానీ అంత మొండితనం అందరికీ ఉండదు.

ఇదంతా దొరల దేశాల గొడవ అనుకోకండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఆడే రోజుల్లో, 2020-21 సీజన్‌కు ఆల్బర్ట్ రోకాను కోచ్‌గా పెట్టుకుంది. సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిచింది, అదీ హెడ్ కోచ్‌గా కాదు, ఫిట్‌నెస్ కోచ్‌గా. హైదరాబాద్ క్లబ్ ఆయన్ని వదిలేసింది. ఆగస్టు చివర్లో ఆయన స్థానంలో మనలో చాలామంది పేరు కూడా వినని మనోలో మార్కెజ్ వచ్చాడు. 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిపెట్టాడు. (ఆ జట్టు ఇప్పుడు ఢిల్లీకి తరలిపోయింది, ఆ బాధ వేరే.)

2025 జులైలో మరీ విచిత్రం జరిగింది. తర్వాత భారత జట్టు కోచ్ అయిన మార్కెజ్ ఆ పదవి వదిలేశాక భారత ఫుట్‌బాల్ సమాఖ్య దరఖాస్తులు పిలిస్తే 170 వచ్చాయి. వాటిలో బార్సిలోనా దిగ్గజం జావి హెర్నాండెజ్ పేరు ఉందని దేశమంతా గుప్పుమంది. ఇది ఏజెంట్ వదిలిన మాట కాదు, సమాఖ్య మనుషుల దగ్గర నుంచే వచ్చింది! రెండు రోజులు తిరక్కుండానే సమాఖ్య ప్రకటన ఇచ్చింది: జావి పేరుతో, పెప్ గార్డియోలా పేరుతో వచ్చిన ఈమెయిల్ దరఖాస్తులు అసలువి కావని. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం కూర్చుని రెండు ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిన కుర్చీ అది, దానికి ఆకతాయి మెయిళ్లు. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. సోర్స్ పెద్దదైనంత మాత్రాన సమాచారం గట్టిదని కాదు.

పేరు సరిగ్గా ఉండి తేదీ తప్పే పుకార్లూ ఉంటాయి. రియల్ మాడ్రిడ్ కోచ్‌గా ఉన్న కార్లో ఆంచెలోట్టి 2024 కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) నాటికి బ్రెజిల్ కోచ్ అవుతాడని 2023లో అక్కడి సమాఖ్య అధ్యక్షుడే చెప్పాడు. ఆ డిసెంబర్‌లో ఆంచెలోట్టి రియల్ మాడ్రిడ్‌తో కాంట్రాక్టు పొడిగించుకుని అందరి నోళ్లూ మూయించాడు. 2025 మేలో మాత్రం నిజంగానే బ్రెజిల్ వెళ్లాడు.

టెలిగ్రామ్ గ్రూపుల సంగతి: చేరకండి. మా షాపులో ఇద్దరు పిల్లలు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒకే అడ్మిన్ ఒక గ్రూపులో ఒక పేరు, ఇంకో గ్రూపులో ఇంకో పేరు 'లోపలి సమాచారం' అని పెట్టాడు. తప్పింది డిలీట్ చేస్తాడు, తగిలింది స్క్రీన్‌షాట్ తీసి కొత్తవాళ్లకు చూపించి డబ్బు గుంజుతాడు. చాలా గ్రూపుల అసలు పని చివరికి బెట్టింగ్ లింకు పంపడం. 'తర్వాతి కోచ్ ఎవరు' అన్న పందేల్లో తిరిగే సొమ్ము మ్యాచ్ పందేలతో పోలిస్తే తక్కువ, కాబట్టి కొద్దిమంది డబ్బు పెట్టినా ఆడ్స్ (గెలిస్తే ఇచ్చే రేటు) పడిపోతాయి, దాన్నే మళ్లీ 'ఫేవరెట్' అని వార్త రాస్తారు. పైగా తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2017 నుంచే నిషేధం ఉంది, ఇరుక్కుంటే కేసు మీ మీదే. మీకు కావాల్సింది క్లబ్ అధికారిక పేజీ, ఆ కోచ్ ప్రస్తుత క్లబ్ ఉన్న ఊరి పత్రిక, మ్యాచ్‌కు ముందు కోచ్ పెట్టే శుక్రవారం ప్రెస్‌మీట్. మూడూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి.