ఎలుక పుర్రెలో 8 మి.మీ. రంధ్రం నడుమ నిండలేదు, బీఎంపీ-2 మోతాదు పెంచాలా?

మీరు అడిగింది ఇదీ: ఎలుక పుర్రెలో 8 మి.మీ. రంధ్రం చేసి, 3డీ ప్రింటర్‌లో తీసిన పీసీఎల్ (ఒంట్లో నెమ్మదిగా కరిగే ప్లాస్టిక్) బిళ్లకు 10 మైక్రోగ్రాముల బీఎంపీ-2 (ఎముకను పెంచే ప్రొటీన్) పట్టించి అమర్చారు. 8 వారాలకు మైక్రో సీటీ తీస్తే అంచుల వెంటే ఎముక కనిపించింది, నడుమ ఖాళీ. ఈసారి 30 మైక్రోగ్రాములు పెట్టాలా అన్నది మీ సందేహం.

పెంచకండి. ముందు ఆ 10 మైక్రోగ్రాములు నిజంగా బిళ్లలోకి వెళ్లాయా అన్నది లెక్క చూడండి. 8 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న బిళ్ల ఘనపరిమాణం దాదాపు 50 మైక్రోలీటర్లు. అందులో 70 శాతం రంధ్రాలే అనుకున్నా లోపల పట్టేది 35. ఈ ప్రొటీన్‌ను మామూలుగా మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున కరిగిస్తాం. అలా చూస్తే 10 మైక్రోగ్రాములకు 100 మైక్రోలీటర్లు పోయాలి. అందులో 65 ప్లేటు అడుగునే ఉండిపోతాయి. అంటే మీరు పెట్టింది మహా అయితే 3.5 మైక్రోగ్రాములు. అదీ ద్రవం లోపలికి ఇంకితేనే. పీసీఎల్‌కు నీళ్లంటే గిట్టదు, చుక్క తామరాకు మీద నీటిబొట్టులా పైనే నిలబడుతుంది. బిళ్లను 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కొన్ని గంటలు నానబెట్టి, పీహెచ్ మామూలుకు వచ్చేదాకా కడిగితే తడి పట్టుకుంటుంది. ప్రొటీన్ పట్టించాక ప్లేటులో మిగిలిన ద్రవానికి ఎలైజా (ప్రొటీన్ ఎంతుందో కొలిచే పరీక్ష) చేసి, ఆ అంకెను మొత్తంలోంచి తీసేయండి. పేపరులో రాయాల్సింది అలా తేలిన మోతాదే.

కరిగించడంలోనే చాలా నష్టం జరుగుతుంది. పొడిని నేరుగా పీబీఎస్‌లో (ల్యాబుల్లో వాడే ఉప్పు ద్రావణం) వేస్తే తటస్థ పీహెచ్ దగ్గర ముద్దకడుతుంది. 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) కలిపి అందులో కరిగించండి. వోర్టెక్స్ (ట్యూబును గిలకొట్టే యంత్రం) మీద పెట్టొద్దు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి దాచుకోండి, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు. ప్రొటీన్ పట్టించిన తర్వాత స్టెరిలైజేషన్ ఆలోచనే వద్దు, అది ముందే అయిపోవాలి. పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) పనికిరాదు. ఎథిలీన్ ఆక్సైడ్ వాడి, ఆ వాయువు పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి.

ఇక నిలుపుకోవడం. ఉత్త పీసీఎల్ మీద ఉన్న ప్రొటీన్ తొలి రోజుల్లోనే చాలావరకు కొట్టుకుపోతుంది. 2002లో అమెరికా ఎఫ్‌డీఏ వెన్నెముక ఆపరేషన్లకు అనుమతించిన బీఎంపీ-2 ఉత్పత్తి ఇన్‌ఫ్యూజ్‌లో కూడా మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాముల ద్రావణాన్ని కొలాజెన్ స్పాంజి మీద పోసి, కనీసం 15 నిమిషాలు ఆగాకే అమర్చమంటారు. ప్రొటీన్ కొలాజెన్‌కు పట్టుకోవడానికి ఆ సమయం కావాలి. మీ బిళ్ల రంధ్రాల్లో కొలాజెన్ జెల్ నింపండి, వీలైతే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే పదార్థం) జోడించిన జెల్ వాడండి. బీఎంపీ-2లో హెపారిన్‌కు అతుక్కునే భాగం ఉంది.

బిళ్లలోని రంధ్రాలు 300 మైక్రాన్లకు పైన ఉంటే రక్తనాళాలు సులువుగా లోపలికి వెళ్తాయి. అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది: ప్రింటర్‌కు డిజైన్‌ను పొరలుగా కోసి ఇచ్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను బిళ్ల చుట్టూ గోడ కడుతుంది. ఆ గోడ ఉంటే అంచు ఎముక నుంచి కణాలు పక్కగా లోపలికి రాలేవు. అందులో ఈ గోడకు సంబంధించిన పెరిమీటర్ సెట్టింగ్‌ను సున్నా చేయండి. ట్రెఫైన్ (ఎముకను గుండ్రంగా కోసే డ్రిల్ బిట్) మీద రాసిన 8 మి.మీ. బయటి వ్యాసమా, లోపలిదా అన్నది కూడా కొలిచి చూడండి. బిళ్ల వదులుగా కదిలితే సందులో పీచు కణజాలం పెరిగి ఎముకకు అడ్డుపడుతుంది.

నడిభాగం ఖాళీగా ఉందంటే మాత్రం నా అనుమానం ముందుగా డ్యూరా (పుర్రె కింద మెదడును కప్పే పొర) మీదికే పోతుంది. అంచుకు దూరంగా ఉన్న నడుమ భాగానికి ఎముక కణాలు ప్రధానంగా కింద ఉన్న ఈ పొర నుంచే రావాలి. అది చిరిగినా, వేడికి కమిలినా మోతాదు ఎంత పెంచినా లాభం లేదు. ఎముకను 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉంచినా దెబ్బతింటుంది. అందుకే డ్రిల్ వేగం తగ్గించి, చల్లటి సెలైన్ ధార ఆపకుండా పోయాలి. లోపలి పలుచని పొర మిగిలి ఉండగానే ట్రెఫైన్ ఆపి, ఎలివేటర్‌తో (ఎముకను లేపే చదునైన పరికరం) కోసిన ఎముక ముక్కను నెమ్మదిగా పైకి లేపాలి. నడిరేఖ కింద పెద్ద సిర ఉంటుంది, రక్తం వస్తే తడి గాజుగుడ్డతో అదిమి ఆగండి. కాటరీ (వేడితో కాల్చి రక్తం ఆపడం) వద్దు, బోన్ వాక్స్ (రక్తం ఆపడానికి ఎముకకు పూసే మైనం) అసలే వద్దు, అది ఎముకను పెరగనివ్వదు.

మోతాదు పెంచితే వాపు, ద్రవం చేరడం, రంధ్రం హద్దు దాటి ఎముక పెరగడం, కొవ్వు నిండిన డొల్ల ఎముక చూస్తారు. సీటీలో ఘనపరిమాణం పెరిగినట్టే ఉంటుంది, హిస్టాలజీలో (కణజాలాన్ని పలుచగా కోసి మైక్రోస్కోపులో చూడటం) గుట్టు బయటపడుతుంది. మనుషుల్లోనూ మెడ ఆపరేషన్లలో ప్రమాదకరమైన వాపులు వచ్చాయని 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు, కణితి ఉన్నచోట లేదా తీసినచోట ఇన్‌ఫ్యూజ్ వాడకూడదు. పుర్రెకు మరమ్మతు కావాల్సిన వారిలో ఇలాంటివాళ్లు ఎందరో ఉంటారు కాబట్టి తక్కువ మోతాదుతో పని జరిపించడమే ఈ పరిశోధనకు అసలు విలువ.

వచ్చే విడతలో ఖాళీ రంధ్రం, ఉత్త బిళ్ల, జెల్ ఉన్న బిళ్ల, జెల్‌తో పాటు 3 మైక్రోగ్రాముల బీఎంపీ-2 ఉన్న బిళ్ల అని నాలుగు గుంపులు పెట్టండి. ఒకే తలలో రెండు 5 మి.మీ. రంధ్రాలు చేసి ఒకదానిలో ప్రొటీన్, రెండోదానిలో కంట్రోల్ పెట్టకండి, ప్రొటీన్ పక్కకు పాకి కంట్రోల్‌ను చెడగొడుతుంది. ఖాళీ రంధ్రమే చాలావరకు మూసుకుపోతే మీ ఎలుకలు మరీ చిన్నవని అర్థం, ఎదిగినవి తీసుకోండి.