సమాధానం: భిన్నాల సమీకరణంలో 10 ఎందుకు వచ్చింది?

అన్నా, మీ పాప లెక్క చూశాను. ఇంటికొచ్చిన శెనక్కాయల్లో మూడో వంతు విత్తనానికి, నాలుగో వంతు నూనెకు పోగా 50 కిలోలు మిగిలితే మొత్తం ఎంత? పాపకు 10 వచ్చిందన్నారు. మిగిలినవే 50 కదా, మొత్తం 10 ఎట్లా అవుతుంది?

మొత్తాన్ని 'క' అనుకుందాం. పాప సమీకరణం సరిగ్గానే రాసింది:

క/3 + క/4 + 50 = క

3, 4ల క.సా.గు. 12. ఇక్కడే జారింది. భిన్నాలను, కుడివైపు 'క'ను 12తో గుణించి, 50ని అట్లే వదిలేసింది. భిన్నం లేని పదాన్ని కూడా గుణించాల్సిందే, లేకపోతే రెండు వైపులా సమానం ఉండవు.

4క + 3క + 600 = 12క
5క = 600
క = 120

సరిచూస్తే 40 + 30 + 50 = 120. ఈ పని ప్రతి లెక్కకూ చేయించండి, అర నిమిషం కూడా పట్టదు.

పాపకు ముందు ముందు ఇంకా ఎక్కువ టెన్షన్ పెట్టేది భిన్నం ముందుండే మైనస్. ఉదాహరణకు:

(క + 2)/3 − (క − 1)/4 = 2

12తో గుణిస్తే 4(క + 2) − 3(క − 1) = 24. బ్రాకెట్ తప్పకుండా వేయమనండి. −3ను −1తో గుణిస్తే +3 వస్తుంది, చాలామంది −3 రాసేస్తారు. క + 11 = 24, అంటే క = 13.