ఎలుకల మందు కవర్ కోసం చెత్తబండి వెనకాల పరిగెత్తాను

"ఇంట్లో పెంచుకునే కుక్కలు, పిల్లులు విషం తినకుండా ఏం చేయాలి?" అని అడిగారు. మందులు అందకుండా పైన పెట్టండి, గేటు వేసుకోండి అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. నేను చెప్పేది ఒకటే. ఎలుకల మందు కొంటే దాని కవర్ పారేయకండి. ఈ ముక్క తెలుసుకోవడానికి నేను తిరుపతి కొర్లగుంటలో లుంగీ మీద చెత్తబండి వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది.

మా కుక్క పేరు పులి. నాటు కుక్కే, మూడేళ్లుంటాయి. పేరుకే పులి, పక్కింటి పిల్లి కనబడితే మంచం కిందికి దూరుతుంది. మేం కింద పోర్షన్‌లో అద్దెకుంటాం, పైన ఓనరమ్మ. ఆవిడ స్కూటీ వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఆ మంట మీద మెట్ల కింద ఎలుకల మందు బిళ్లలు పెట్టింది. చెడ్డ మనిషేం కాదు, పండగొస్తే పులికి వేరే గిన్నెలో అన్నం కలిపి పెడుతుంది. మందు పెట్టిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఆరున్నరకి చూస్తే పులి మెట్ల కింద కూర్చుని ఏదో నములుతోంది. నోట్లో వేలు పెట్టి లాగాను. నీలం రంగు బిళ్ల, సగం లేదు, పంటి గాట్లు స్పష్టంగా ఉన్నాయి. వేలికి జిడ్డుగా అంటుకుంది.

ఇక వీధి మొత్తం డాక్టర్లే. ఎదురింటి పెద్దమ్మ గిన్నెడు చింతపండు రసం పిసికి తెచ్చేసింది. "తాపు నాయనా, కక్కేస్తాది" అంది. ఒకాయన ఉప్పు నీళ్లన్నాడు, ఇంకొకాయన పాలు, కోడిగుడ్డు అన్నాడు. అన్నీ తప్పే. ఉప్పు ఎక్కువైతే అదే కుక్కకి విషం. చింతపండు సంగతి నాకు తర్వాత తెలిసింది. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకి కిడ్నీలు పాడవుతాయి, దానికి కారణం టార్టారిక్ ఆమ్లమే అయ్యుండొచ్చని ఇప్పుడు పశువైద్యులు అంటున్నారు. చింతపండు నిండా ఉండేది అదే. మన ఊళ్లో ఇంకో తంటా ఉంది, కొండ మీది లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ప్రసాదం కదా అని కుక్కకి పెట్టేవాళ్లని నేనే నలుగురిని చూశాను. చెప్తే కోపం కూడా వస్తుంది వాళ్లకి.

సరే, తెలిసిన డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఏం మందు? నల్ల పొడా, పేస్టా, బిళ్లా? పేరేంటి?" అని అడిగింది. నీలం బిళ్ల అన్నాను. "రంగు చూసి చెప్పలేం. కుక్కని వెంటనే తీసుకురండి, కవర్ దొరికితే అదీ తెండి" అంది. ఓనరమ్మని అడిగితే మొహం పాలిపోయింది. "రాత్రే చెత్తలో ఏసేస్తినే నాయనా!"

మా ఆవిడ పులిని ఆటోలో వేసుకుని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి బయల్దేరింది. నేను చెత్తబండి పాట వినబడే వైపు పరిగెత్తాను. మూడో వీధి మలుపులో దొరికింది.

"అక్కా, ఆపండక్కా!"

"ఏం సామీ, బంగారం ఏమన్నా పడిపోయిందా?"

"లేదక్కా, ఎలకల మందు కవర్."

ఆమె నన్నొక చూపు చూసింది. "ఎవురు తినింది?"

"మా కుక్కక్కా."

ఇంకో మాట అడగలేదు. తన చేతి గ్లౌజు ఒకటి నాకిచ్చి వెతకడం మొదలుపెట్టింది. "మీ ఓనరమ్మది నాకు తెలుసులే, తడీ పొడీ అంతా ఒకే మూట" అని గొణుక్కుంది. నిజమే, వేరుచేసి ఉంటే అర నిమిషం పని. నమిలిన మునక్కాయ పిప్పి, వాడిపోయిన కనకాంబరాలు, టీ పొడి, వాటి మధ్య మడత పడిన కవర్. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే కనబడింది: బ్రోమాడయోలోన్, 0.005 శాతం. ఫొటో మా ఆవిడకి పంపి నా బైక్ మీద ఆసుపత్రికి పోయాను.

అప్పటికే పులిని కక్కించారు. ముక్కలు నీలంగా బయటికొచ్చాయి. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుందట. దీనికి విటమిన్ కె1 విరుగుడు. నాలుగు వారాలు మాత్రలు వేశాం, ఆపిన రెండు రోజులకి మళ్లీ రక్తపరీక్ష. అసలు టెన్షన్ ఏంటంటే, ఈ మందు తిన్న కుక్క మొదటి రెండు మూడు రోజులు గంతులేస్తూనే ఉంటుంది. ఆ తర్వాతే చిగుళ్లు పాలిపోవడం, నల్ల విరేచనం, ముక్కులో రక్తం. అప్పటికి మెట్ల కింది బిళ్ల ఎవరికి గుర్తుంటుంది?

అదే నల్ల పొడి, అంటే జింక్ ఫాస్ఫైడ్ అయ్యుంటే కథ వేరు. దానికి విరుగుడు లేదు. కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. కడుపులో తిండి పడితే ఆమ్లం పెరుగుతుంది కాబట్టి పాలు, అన్నం పెడితే ఇంకా ముప్పు. కుక్క కక్కినా ఆ గాలి మనం పీల్చకూడదు, ఆటోలో తీసుకెళ్తుంటే పరదాలు ఎత్తేయాలట. అందుకే కవర్, కవర్ అని ఇంత మొత్తుకుంటున్నాను.

పిల్లి ఉన్నవాళ్లకి ఇంకో మాట. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ బిళ్ల నలిపి వేయకండి, ఒక్క బిళ్లకే ప్రాణం పోవచ్చు. ఇక కావాలని వీధికుక్కలకి అన్నంలో మందు కలిపి పెట్టే మహానుభావులు కూడా ఉన్నారు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద దానికి ఐదేళ్ల దాకా జైలు. మా వీధి గ్రూపులో ఇది పెడితే ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఎవరో అర్థమైంది నాకు.

మా ఓనరమ్మ ఇప్పుడు చీమలకి చాక్‌పీస్ గీసినా ముందు నాకు ఫోన్ చేస్తుంది. నిన్న ఐదున్నరకే చేసింది, "కవర్ దాచినా నాయనా, పప్పు డబ్బాలో పెట్టినా" అని. పప్పు డబ్బాలో వద్దమ్మా అని చెప్పడానికి పైకి పోయి వచ్చాను.