పేరు పెట్టి అడిగితేనే పివట్ పలుకుతుంది

ప్రశ్న: ధాన్యం, పత్తి కొనుగోళ్ల లెక్కలు ఎక్సెల్‌లో రాస్తాం. ఊరివారీ, నెలవారీ క్వింటాళ్లు పివట్ టేబుల్‌లో (ఎక్సెల్ తానే కూడి చూపే పట్టికలో) వస్తాయి. వాటిలో కొన్నింటిని మాక్రోతో (ఎక్సెల్‌లో పనిచేసే చిన్న ప్రోగ్రాంతో) వేరే షీటులోకి తెస్తున్నాం. కొత్త ఊరు చేరినప్పుడల్లా పక్క ఊరి అంకె వచ్చి పడుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మీ మాక్రో సెల్ అడ్రసు పట్టుకుని వెళ్తోంది. కొత్త ఊరు అక్షరక్రమంలో మధ్యలో దూరగానే కింది వరుసలన్నీ జారతాయి. అడ్రసు వదిలేసి, పివట్ టేబుల్‌కు ఉన్న గెట్‌పివట్‌డేటా మెథడ్ (కోడ్‌లో వాడే ఆదేశం) వాడండి. ముందు వాల్యూ ఫీల్డు (పివట్‌లో క్వింటాళ్లు చూపే ఫీల్డు) పేరు, ఆ తర్వాత ఫీల్డు–ఐటెమ్ జంటలు ఇవ్వాలి: ఊరు–గుణుపురం, నెల–నవంబరు. అది తిరిగి ఇచ్చేది అంకె కాదు, రేంజ్, అంటే ఆ అంకె ఉన్న సెల్. అందుకే ‘సెట్’తో తీసుకుని దాని వాల్యూ చదవాలి.

తెలుగులో లెక్కలు రాసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. మాక్రో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌లో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. కాబట్టి పేరు ఏదీ కోడ్‌లో రాయకండి. ఫలితాల షీటులో ఏ1లో వాల్యూ ఫీల్డు పేరు, బీ1లో ‘ఊరు’, సీ1లో ‘నెల’ పెట్టండి. రెండో వరుస నుంచి బీలో ఊళ్లు, సీలో నెలలు. మాక్రో వాటిని సెల్స్ నుంచే చదివి, డీలో అంకె వేస్తుంది.

అడిగిన పేరు పివట్‌లో కనబడకపోతే 1004 ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చినా ఆగకుండా సాగించే ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ను ఆ ఒక్క లైనుకే పరిమితం చేసి, వెంటనే ‘ఆన్ ఎర్రర్ గోటూ 0’ పెట్టండి. వరుసల మీద తిరిగే లూప్ ప్రతి చుట్టులోనూ, అడిగే ముందు రేంజ్ వేరియబుల్‌ను ‘నథింగ్’ (ఖాళీ) చేయాలి. ఇది మరిచారా, దొరకని ఊరికి పై వరుస ఊరి అంకే పడుతుంది. ఇప్పుడున్న తప్పే మళ్లీ, ఈసారి పట్టుకోవడం ఇంకా కష్టం. దొరకని చోట డీ సెల్‌కు ఎర్ర రంగు వేయిస్తే చాలు.

ఎర్ర సెల్స్ వస్తూనే ఉంటే పేర్లు చూడండి. ఒకరు ‘గుణుపురం’ అని, ఇంకొకరు ‘గుణుపూర్’ అని రాస్తే ఎక్సెల్‌కు అవి రెండూళ్లు. పేరు చివర మిగిలిన ఖాళీ కూడా అంతే, పైగా కంటికి కనబడదు. ఫిల్టర్‌లో దాగిన ఊరు, ఆపేసిన గ్రాండ్ టోటల్ కూడా దొరకవు. సరైన పేరేదో తేల్చుకోవాలంటే ఖాళీ సెల్‌లో = కొట్టి పివట్‌లోని అంకె మీద క్లిక్ చేయండి. ఎక్సెల్ తానే రాసే ఫార్ములాలో అన్ని పేర్లూ ఉంటాయి.

నిజానికి కావలసింది మొత్తాలే అయితే, మూల డేటా మీద సమ్‌ఇఫ్స్ ఫార్ములా చాలు. మాక్రో అక్కర్లేదు.

ప్రశ్న: మూల షీటులో కొత్త బస్తాలు ఎక్కించినా మాక్రో పాత అంకే తెస్తోంది.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పివట్ తన కాష్‌లో (డేటాను దాచుకునే చోట) ఉన్న నకలునే చూపిస్తుంది. మాక్రో మొదటి లైనులోనే పివట్‌కాష్‌ను రిఫ్రెష్ చేయించండి. అప్పటికీ రాకపోతే కొత్త వరుసలు పివట్ చదివే మూల డేటా రేంజ్ బయట పడుతున్నట్టే. మూల డేటాను కంట్రోల్+టీతో టేబుల్ చేసి, పివట్ సోర్సుగా ఆ టేబుల్ పేరు ఇవ్వండి.