నాలుగు వరుసలు అల్లితే చాలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఊలు అల్లిక గురించినవే ఎక్కువ. మానసిక జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లో, వాళ్లను చూసుకుంటున్న ఇంట్లోవాళ్లో రాసినవి. అల్లిక నేర్పే టీచరు, మానసిక వైద్య విభాగంలో పనిచేసే కౌన్సెలర్ కలిసి జవాబులిచ్చారు.

మా ఆడపడుచు నాలుగు నెలలుగా కుంగుబాటుకి మందులు వాడుతోంది. ఇప్పుడు కాస్త తేరుకుంది. ఏదైనా చేతిపని పెట్టుకోమని డాక్టరు గారు చెప్పారు. ఊలు అల్లిక నేర్పిద్దామనుకుంటున్నాం. ఏం కొనాలి? స్వెటరుతో మొదలుపెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

స్వెటరు వద్దమ్మా. సగంలో ఆగిపోయిన స్వెటరు కళ్లెదుట ఉంటే, ‘ఇదీ నా వల్ల కాలేదు’ అని రోజూ గుర్తుచేస్తుంది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఆ మాట ముందే బోలెడంత ఉంటుంది. అరచెయ్యంత చదరం చాలు. 20 కుట్లు (సూది మీద పడే దారపు ఉచ్చులు), 40 వరుసలు.

8వ నంబరు అల్లిక సూదులు ఒక జత కొనండి. అంటే 4 మిల్లీమీటర్ల మందం. షాపులో ఇచ్చే ఈ నంబర్లు తిరగేసి ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది, కాబట్టి 12 తెస్తే పని కష్టమవుతుంది. స్టీలు, అల్యూమినియం సూదుల మీద కుట్లు జారిపోతాయి. చెక్కవో వెదురువో దొరికితే అవే తీసుకోండి. ఊలు 50 గ్రాముల ఉండ ఒకటి, లేత రంగు, ఒకటే రంగు. నలుపులో, ముదురు నీలంలో కుట్లు కనపడవు. నూగు ఎక్కువున్న ఊలైతే తప్పు పడినప్పుడు విప్పడం కుదరదు. యాక్రిలిక్ ఊలు సాగుతుంది, కొత్తవాళ్లకు సులువు. కాకపోతే మన తీరప్రాంతపు ఉక్కపోతలో చేతులు చెమర్చి దారం సూదికి పట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నూలు దారం హాయి. నూలు సాగదు కాబట్టి బిగించి లాగితే వేళ్లు నొప్పెడతాయి, అంతే.

దారం కొసను దాదాపు 40 సెంటీమీటర్లు తోకలా వదిలి జారుముడి వేసి, 20 కుట్లు ఎక్కించండి. కొత్తవాళ్లందరూ ఇక్కడ బిగించేస్తారు, దాంతో మొదటి వరుసలో సూది దూరదు. రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటి మీద కుట్లు ఎక్కించి, తర్వాత ఒక సూది లాగేస్తే కుట్లు వదులుగా వస్తాయి. ఇక అల్లడం. కుడి సూది మొనను ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ఎడమవైపు నుంచి గుచ్చాలి. దారాన్ని మొన చుట్టూ ఒక్కసారి తిప్పాలి. ఆ చుట్టును కుట్టులోంచి ముందుకు లాగాలి. పాత కుట్టును ఎడమ సూది నుంచి వదిలెయ్యాలి. గుచ్చు, చుట్టు, లాగు, వదులు. ప్రతి వరుసా ఇదే, వేరే కుట్టు అక్కర్లేదు. ఊపిరిని దీనికి బలవంతంగా జతచెయ్యమని చెప్పకండి. చెయ్యి లయలో పడితే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది.

రోజుకు నాలుగు వరుసలు. కుంగుబాటులో చాలామందికి పొద్దుటి పూట బరువుగా ఉంటుంది, మందుల మత్తు కూడా తోడవుతుంది. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య ఒక వేళ పెట్టుకుంటే మంచిది. ఆపేటప్పుడు వరుస పూర్తిచేసి ఆపాలి. మధ్యలో వదిలేస్తే మర్నాడు ఎటువైపు నుంచి అల్లుతున్నామో తెలియక తిరగేసి పట్టుకుంటారు, అక్కడ కన్నం పడుతుంది. మీ వంతుగా ఒకటి చెయ్యండి. ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడగకండి. పక్కన కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీసుకోండి, చాలు.

నాకు ఆందోళన జబ్బు. 20 కుట్లతో మొదలుపెడితే పది వరుసలయ్యేసరికి 27 అవుతున్నాయి. మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెడుతున్నాను. మనసు కుదుటపడడం మాట అటుంచి, ఏడుపొస్తోంది.
– పాఠకురాలు, బొబ్బిలి

అంచు దగ్గర పెరుగుతున్నాయా, మధ్యలోనా? ముందు అది చూడండి. పక్కలు ఏటవాలుగా వెడల్పవుతుంటే తప్పు వరుస మొదట్లోనే జరుగుతోంది. వరుస తిప్పాక దారాన్ని సూది పైనుంచి వెనక్కి వేస్తే మొదటి కుట్టు పైకి లాగబడి రెండు కుట్లలా కనిపిస్తుంది. రెండూ అల్లేస్తాం, ఒకటి పెరుగుతుంది. దారాన్ని సూది కిందుగా వెనక్కి తీసుకుంటే ఈ బాధ ఉండదు. మధ్యలో చిన్న చిన్న కన్నాలుంటే, దారం పొరపాటున ముందుకొచ్చి సూది మీద అదనపు చుట్టు పడుతోందన్నమాట. కన్నాలు లేకుండానే లెక్క పెరిగితే సూది మొన దారాన్ని చీలుస్తోంది, ఒక కుట్టే రెండవుతోంది. మొన కాస్త మొద్దుగా ఉన్న సూది వాడండి.

వీటిలో దేనికీ మొత్తం విప్పక్కర్లేదు. తర్వాతి వరుసలో రెండు కుట్లలోకి ఒకేసారి సూది గుచ్చి కలిపి అల్లేస్తే లెక్క సరిపోతుంది. కుట్టు జారి కిందికి నిచ్చెనలా దిగిపోతే మాత్రం, కొక్కెం సూదితో అడుగు నుంచి ఒక్కో మెట్టు దారాన్నీ లాగుతూ పైకి తెచ్చి సూదికెక్కించండి.

ఆందోళన ఉన్నవాళ్లకు తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు. అందుకని ఒక నియమం పెట్టుకోండి. ఈ చదరం పూర్తయ్యేదాకా ఒక్క వరుస కూడా విప్పను, వంకర టింకరైనా సరే. ఆ వంకర చదరాన్ని పారెయ్యకుండా ఉంచుకోవడం కూడా మీకు చికిత్సలో భాగమే అని మా గట్టి అభిప్రాయం. గుండె దడ మరీ ఎక్కువైనప్పుడు కొత్త కుట్టు నేర్చుకోకండి, చేతికి అలవాటైన వరుసే అల్లండి.

ఒక్క జాగ్రత్త. పదే పదే లెక్కపెట్టకపోతే ఏదో జరుగుతుందన్న భయం మీకుంటే, అంటే ఓసీడీ అనే జబ్బు ఛాయలుంటే, కుట్ల లెక్క ఆ జబ్బునే మేపుతుంది. అప్పుడు లెక్క వదిలేసి బెత్తెడు పొడవు వచ్చేదాకా అల్లి ఆపండి. కౌన్సెలర్‌కి కూడా ఈ సంగతి చెప్పండి.

అల్లిక వల్ల జబ్బు నయమవుతుందని ఎక్కడో చదివాను. మందులు తగ్గించుకోవచ్చా?
– పాఠకుడు, చీపురుపల్లి

తగ్గించకూడదు. 2013లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో 3,545 మంది అల్లికదారులు పాల్గొన్నారు. తరచుగా అల్లేవాళ్లు తమకు ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉంటుందని చెప్పారు. అది వాళ్లు చెప్పుకున్న మాట. అల్లిక ఇష్టమై ఎంచుకున్నవాళ్లను అడిగితే వచ్చిన జవాబు. జబ్బును నయం చేస్తుందని అది రుజువు చెయ్యదు. మందు చేసే పని మందుది. మందు పనిచేస్తుండగా రోజులో ఒక అరగంటను నిలబెట్టేది ఈ పని.

బైపోలార్‌కి (హుషారు హద్దు మీరడం, కుంగిపోవడం మారిమారి వచ్చే జబ్బు) లిథియం అనే మందు వాడుతున్నాను. చెయ్యి సన్నగా వణుకుతోంది, సూది నిలవడం లేదు. మానేయమంటారా?
– పాఠకుడు, గజపతినగరం

లిథియం వాడేవాళ్లలో సన్నని వణుకు మామూలే, ఈ జబ్బుకే వాడే వాల్ప్రోయేట్ మందుతోనూ వస్తుంది. 6వ నంబరు చెక్క సూదులు (5 మిల్లీమీటర్లు), లావు ఊలు తీసుకోండి. ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు దాని మీద ఆనించండి. కుట్లు 12 చాలు. పావుగంటకోసారి సూదులు కింద పెట్టి వేళ్లు చాపండి. అల్లిక వల్ల మణికట్టు నొప్పెడితే మందుల షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు అడిగి వేసుకోవద్దు. అవి రక్తంలో లిథియం మోతాదును పెంచేస్తాయి. ఎండాకాలం చెమటతో ఒంట్లో నీరు తగ్గినా అదే ప్రమాదం. వణుకు బాగా ఎక్కువై, వాంతులు, విరేచనాలు, తూలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో మాట, ఇది మీ ఇంట్లోవాళ్లకు. రాత్రి రెండింటికి కూడా అల్లుతూ, నిద్ర అక్కర్లేదంటూ, ఒకేసారి నాలుగైదు పనులు మొదలుపెట్టి, ఉండల మీద ఉండలు కొంటుంటే అది హుషారు అని మురిసిపోకండి. జబ్బు మళ్లీ పైకెక్కుతున్న సూచన కావచ్చు. తొమ్మిదింటికి సూదులు లోపల పెట్టెయ్యాలని బాగున్న రోజుల్లోనే మాట అనుకోండి.

మా కుర్రాడికి 24 ఏళ్లు, స్కిజోఫ్రీనియాకి (లేనివి ఉన్నట్టు అనిపించే, వినిపించే మానసిక జబ్బు) వైద్యం జరుగుతోంది. ఆసుపత్రిలో అల్లిక నేర్చుకుని వచ్చాడు. మా మావగారు ‘మగపిల్లాడికి ఇదేం పని’ అంటున్నారు.
– ఒక తల్లి, ఆమదాలవలస

కళింగపట్నం ఒడ్డున వలలు అల్లేది, చిరిగితే బాగుచేసేది మగవాళ్లే కదా. మావగారికి ఆ మాట నెమ్మదిగా చెప్పి చూడండి. అబ్బాయి ముందు ఈ చర్చ వద్దు. చెవిలో గొంతులు వినిపించే ఇబ్బంది ఉంటే, రేడియో పెట్టుకుని అల్లడం కొందరికి వాటి నుంచి ధ్యాస మళ్లిస్తుంది. ఒకచోట కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరుగుతుంటే బద్ధకమనో మొండితనమనో తిట్టకండి. కొన్ని మందులు కాళ్లలో అలాంటి అస్థిమితం తెస్తాయి. డాక్టరుకు చెబితే సరిచేస్తారు.

మా అమ్మాయి ఇదివరకు తనకు తాను హాని చేసుకుంది. ఇప్పుడు అల్లిక నేర్చుకుంటానంటోంది. సూదులు ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, టెక్కలి

చూస్తున్న డాక్టరును ముందు అడగండి. ఆయన సరేననేదాకా సూదుల్లేని వేలి అల్లిక నేర్పండి. ఎడమ అరచెయ్యి తనవైపు తిప్పుకుని, దారం కొసను బొటనవేలితో నొక్కిపట్టాలి. చూపుడువేలి ముందు నుంచి, నడిమివేలి వెనక నుంచి, ఉంగరం వేలి ముందు నుంచి, చిటికెనవేలి వెనక నుంచి దారం పోనిచ్చి, చిటికెనవేలిని చుట్టి మళ్లీ అలాగే వెనక్కి రావాలి. ఇంకోసారి అదే చుట్టు వేస్తే ఒక్కో వేలికి రెండు చుట్లుంటాయి. కింది చుట్టును పైదాని మీదుగా వేలి వెనక్కి దాటించాలి. అలా చేస్తూపోతే చేతి వెనక నుంచి తాడులాంటి పట్టీ దిగుతుంది. వేలి కొసలు కందిపోతే దారం బిగిసిందన్నమాట, తీసేసి వదులుగా మొదలుపెట్టాలి.

అల్లేటప్పుడు ఎవరో ఒకరు అదే గదిలో ఉండండి. పని అయ్యాక కత్తెర, ఊలు మీ దగ్గరే ఉంచుకోండి. దొంగచాటుగా దాచకండి. ‘కొన్నాళ్లు ఇవి నా దగ్గర ఉంటాయి, తర్వాత నీకే ఇస్తాను’ అని ఎదురుగా చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే తనను ఒంటరిగా వదలకుండా ఆ రోజే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. రాత్రివేళైతే అత్యవసర విభాగానికి వెళ్లండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఈ సేవ నడుస్తోంది. ఆ నంబరు మీ ఫోనులోనూ, మీ అమ్మాయి ఫోనులోనూ వేసి పెట్టుకోండి.