తొలగించింది ఎవరో చెప్పని నోటీసు

ప్రశ్న: నేను పెట్టిన ఒక ధర్నా వీడియో వారం రోజులుగా కనిపించడం లేదు. ‘చట్టపరమైన అభ్యర్థన మేరకు మీ దేశంలో అందుబాటులో లేదు’ అని మాత్రమే వస్తోంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి కనిపిస్తోంది. నిన్న, 24 గంటల్లో అప్పీలు చేసుకోకపోతే ఖాతా రద్దవుతుందని లింకుతో సహా ఈమెయిల్ వచ్చింది. నొక్కవచ్చా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నొక్కవద్దు. ఇప్పటికే నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, ఇది చదవడం ఆపి ముందు పాస్‌వర్డ్ మార్చండి. మీ ఖాతా తెరిచి ఉన్న ఇతర పరికరాలన్నిటి నుంచి లాగౌట్ చేయండి.

మీ తమ్ముడికి కనిపిస్తోందంటే వీడియో చెరిగిపోలేదు, భారతదేశంలో చూసేవారికి మాత్రమే ఆపేశారు. ప్రభుత్వం నుంచో కోర్టు నుంచో ఆదేశం వచ్చినప్పుడు కంపెనీలు సాధారణంగా చేసేది ఇదే. ఆదేశం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ప్రభుత్వ ఆదేశం రెండు దారుల్లో రావచ్చు. మొదటిది ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 69ఎ సెక్షన్. దాని కింద నిలిపివేతకు ఆదేశించాలంటే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ కారణాలను రిట్ పిటిషన్‌లో సవాలు చేసే వీలుందన్నది కూడా, 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించడానికి చూపిన ఆధారాల్లో ఒకటి. అయితే ఈ సెక్షన్ అమలుకు 2009లో చేసిన నిబంధనల్లో 16వది, నిలిపివేత కోరుతూ వచ్చే ఫిర్యాదులనూ వాటిపై తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది. చేతికందని ఉత్తర్వును ఏ పౌరుడు సవాలు చేయగలడు? రెండో దారి అదే చట్టంలోని 79(3)(బి). అధికారులు తెలియజేసిన తరువాత కూడా తొలగించని కంపెనీ, ఇతరులు పెట్టిన పోస్టులకు తాను బాధ్యురాలు కాకుండా ఉండే చట్టరక్షణను కోల్పోతుంది. ఇలాంటి నోటీసులు పంపడానికి 2024లో ‘సహయోగ్’ పోర్టల్ వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ ఎక్స్ (పూర్వపు ట్విటర్) సంస్థ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టివేసింది. ఐటీ చట్టం కింద 2021లో తెచ్చిన నిబంధనల్లో 36 గంటలుగా ఉన్న తొలగింపు గడువు 2026 ఫిబ్రవరిలో 3 గంటలకు తగ్గింది. మూడు గంటల్లో తెలుగు వచ్చిన మనిషికి మీ వీడియోను చూపించి, న్యాయవాదిని అడిగి, అభ్యంతరం రాయడంకన్నా తీసివేయడమే కంపెనీకి క్షేమం.

మోసగాళ్లకు చోటు దొరుకుతున్నది ఇక్కడే. అసలు నోటీసులో తరచుగా శాఖ పేరు, సెక్షన్, ఉత్తర్వు సంఖ్య ఏవీ ఉండవు. నకిలీ ఈమెయిల్‌లో మాత్రం రాజముద్ర, సెక్షన్, అధికారి సంతకం, గడువు అన్నీ ఉంటాయి. దిగులుతో ఉన్న మనిషికి రెండోదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఈ తప్పును వాడకందారుల అజాగ్రత్త కింద జమకట్టడం అన్యాయం. కోట్లమంది వాడే యాప్‌లో, ఏ చట్టం కింద ఏ పోస్టును ఎప్పుడు ఆపారో సంఖ్యతో సహా చూపే పేజీ ఒకటి పెట్టడం కంపెనీలకు సాంకేతికంగా కష్టమైన పని కాదు. గోప్యత నిబంధన అందుకు అడ్డమైతే, దాన్ని సవరించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

మీరు చేయవలసినవి చెబుతాను. యాప్‌ను నేరుగా తెరిచి ఖాతా స్థితి పేజీలో చూడండి. అక్కడ లేని హెచ్చరికను ఈమెయిల్‌లో నమ్మవద్దు. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. ‘ఆపేసిన వీడియోలు చూపిస్తాం’ అనే ఉచిత వీపీఎన్ యాప్‌ల జోలికి పోవద్దు. మీ ఇంటర్నెట్ రాకపోకలన్నీ ముక్కూమొహం తెలియని వారి సర్వర్ గుండా వెళతాయి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, ఏ ఆదేశం మేరకు ఆపారో అడగండి. 2021 నిబంధనల ప్రకారం, మీ ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 24 గంటల్లో తెలియజేయాలి. కంపెనీ తానే తొలగించి ఉంటే, ఆ అధికారి నిర్ణయంపై 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ప్రభుత్వ ఆదేశమని తేలితే హైకోర్టుకే వెళ్లాలి. అందుకోసం అసలు వీడియో ఫైలును, తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్లను, మీ తమ్ముడి ఫోన్‌లో అది ఆడుతున్న దృశ్యాన్ని ఈ రోజే భద్రపరచుకోండి.